పదకొండున్నర బిర్యానీ

"నాన్నకి సుగరు, నానమ్మకి సుగరు, ఇంక నాకు రాకుండా ఉంటుందా సార్?" అనేశా, రిపోర్టు చూపించి. ఫాస్టింగ్ 112.

డాక్టరు గారు జన్యువుల సంగతి ఎత్తనే లేదు. "రాత్రి ఎన్నింటికి తింటావ్?" అన్నారు.

పదకొండున్నరకి. షిఫ్టయ్యాక, మాదాపూర్‌లో, బిర్యానీ.

చీకటి పడ్డాక ఒంట్లో ఊరే నిద్ర హార్మోన్ మెలటోనిన్‌కి, ఇన్సులిన్ తయారుచేసే క్లోమంలోనూ రిసెప్టర్లు (దాని సందేశం అందుకునేవి) ఉంటాయట. ఆ రిసెప్టర్ జన్యువు ఎంటీఎన్ఆర్1బీలో ఒక్క అక్షరం తేడా ఉన్నవాళ్లకి టైప్ 2 సుగరు ముప్పు కాస్త ఎక్కువని 2009లోనే తేలింది. వాళ్లు నిద్రవేళకి తింటే ఇన్సులిన్ ఇంకా బద్ధకిస్తుందట.

నాకా అక్షరం ఉందో లేదో! ఉన్నా ముప్పు పెరిగేది కొంచెమే. పాపం నానమ్మని ఊరికే ఆడిపోసుకున్నా.

ఇవాళ ఎనిమిదింటికే జొన్నరొట్టె తినేసి కూర్చున్నా. ఇప్పుడే ఫోను: "ఏడున్నవ్ రా? ఆర్డర్ పెడ్తున్న!"