థర్మోకోల్ కట్టర్: ముందు ఓమ్స్ లెక్క, తర్వాతే కరెంటు

ఈ కట్టర్‌లో థర్మోకోల్‌ని కోసేది కరెంటుతో వేడెక్కే నైక్రోమ్ తీగ. దాన్ని బెంగళూరు ఎస్పీ రోడ్డులోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో కొనేటప్పుడు ఒట్టి గేజ్ నంబరు చెప్పి ఊరుకోకండి, మందం మిల్లీమీటర్లలో అడగండి. 30 నంబరంటే బ్రిటిష్ కొలత ఎస్‌డబ్ల్యూజీలో 0.315 మి.మీ., అమెరికన్ కొలత ఏడబ్ల్యూజీలో 0.255. తీగ మారితే లెక్కంతా మారుతుంది.

థర్మోకోల్ కోయడానికి నాకు నచ్చేది 0.315. దాని నిరోధం (రెసిస్టెన్స్) మీటరుకి సుమారు 14 ఓమ్స్, అంటే 30 సెం.మీ. ముక్కకి 4.2. 5 వోల్టుల అడాప్టర్‌తో 1.2 ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి 2 ఆంపియర్లది తీసుకోండి. అదే తీగకి 12 వోల్టులు ఇస్తే 34 వాట్లు! కోత నీటుగా రాదు, అంచులు కరిగి పొగలొస్తాయి.

నైక్రోమ్‌కి మామూలు టంకం అంటదు. ఇత్తడి స్క్రూ కింద తీగని రెండు చుట్లు చుట్టి గట్టిగా బిగించండి. వదులైతే ఆ స్క్రూ దగ్గరే వేడి పుట్టి కింద చెక్క నల్లబడుతుంది. వేడికి తీగ సాగుతుంది, ఒక చివర స్ప్రింగ్ తప్పనిసరి. కరెంటు మాత్రం స్ప్రింగ్ గుండా పోనివ్వకండి, వేడెక్కి పట్టు వదిలేస్తుంది.

కరెంటు ఇచ్చే ముందు తీగ ఓమ్స్ మల్టీమీటర్‌తో కొలవండి. ప్రోబులు రెండూ ఒకదానికొకటి తాకించినప్పుడు వచ్చే అంకెని తీగ రీడింగులోంచి తీసేయండి. 1 ఓమ్ లోపే చూపిస్తే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే.

అడాప్టర్ బదులు పాత ల్యాప్‌టాప్ సెల్స్ వాడొద్దు. 230 వోల్టులకి నేరుగా కలపడం, డిమ్మర్ పెట్టినా సరే, ప్రాణాల మీదికి తెస్తుంది. కిటికీలు తీసి పని చేయండి, పిల్లలున్న గదిలో అసలొద్దు.