ఎర్ర దీపం

గ్రూపులో పొద్దున ఎవరో అన్న మాట రాత్రి పదకొండైనా బుర్రలోంచి పోవడం లేదు. "అక్కడికెళ్ళి మాట్లాడితే ఒరిగేదేముంది? వాళ్ళు నోరు విప్పి జవాబైనా చెప్పరు." దాని కింద అవునవునంటూ వరసగా బొటనవేళ్ళు. సోమవారం కౌంటీ (జిల్లా లాంటిది) సమావేశానికి పిన్నిగారి వెంట ఎవరొస్తారని అడిగిన మెసేజీ పైకి జరిగిపోయింది, ఒక్కరూ పలకలేదు.

జవాబు చెప్పరన్న మాట నిజమే. అందుకే ఇంత బాధ.

పిన్నిగారు మొదటిసారి వెళ్ళిన రోజు ఇంకా కళ్ళ ముందే ఉంది. "కోర్టుకెందుకమ్మా, నేనేం తప్పు చేశాను" అన్నారు ముందు. టెక్సస్‌లో కౌంటీని నడిపే మండలికి కమిషనర్స్ కోర్టు అనే పేరని, అక్కడ కేసులుండవని, ఒక కౌంటీ జడ్జి, కౌంటీలోని నాలుగు భాగాలకు, అంటే ప్రీసింక్టులకు, నలుగురు కమిషనర్లు, మొత్తం ఐదు ఓట్లని మనవరాలు విడమర్చి చెప్పాక కదిలారు. ఆవిడ చెప్పాల్సింది వాగు మీది రోడ్డు గురించి. అది సిటీ హద్దులో లేదు, రాష్ట్రం చూసుకునే ఎఫ్‌ఎమ్ (ఫార్మ్ టు మార్కెట్) రోడ్డూ కాదు, కౌంటీదేనని ముందే తేల్చుకున్నాం. అది మంచిదైంది. ఎఫ్‌ఎమ్ నంబరున్న రోడ్డు గుంతల కోసం కౌంటీ దగ్గరికి వెళితే రాష్ట్ర రవాణా శాఖ టెక్స్‌డాట్‌ని అడగమంటారు, ఒక పూట వృథా.

ఆవిడకు మైకు వంచుకోవడం కుదరలేదు. మునివేళ్ళ మీద లేచి నిలబడ్డారు. రోడ్డు కింది రెండు తూముల్లో కొమ్మలు అడ్డుపడి, వాన పడ్డప్పుడల్లా నీళ్ళు రోడ్డెక్కుతున్నాయని, పిల్లలు బస్సు కోసం నిలబడేది అక్కడేనని చెప్పారు. ఎంత లోతు అన్నది మాటల్లో కాదు, వంగి మోకాలి కింద అరచెయ్యి అడ్డంగా పెట్టి చూపించారు. ఒక వాక్యం ఆవిడ తెలుగులో, అదే వాక్యం మనవరాలు ఇంగ్లీషులో. అలా చెబితే ఒక్కొక్కరికి ఇచ్చే మూడు నిమిషాల్లో ఆవిడకు దక్కింది నిమిషంన్నర. సమయం చూపే పచ్చ దీపం పోయి పసుపు వచ్చింది, ఎర్రదీ వచ్చేసింది. పిల్ల వాక్యం సగంలో ఉండగానే గుమాస్తా "టైమ్" అన్నారు. పిన్నిగారు చేతులు జోడించి దిగిపోయారు. పైన కూర్చున్న ఐదుగురిలో ఒక్కరూ ఒక్క మాట అనలేదు. తర్వాతి పేరు పిలిచారు.

ఆ నిమిషంన్నర నన్ను చాలా రోజులు కాల్చింది. ఎందుకంటే టెక్సస్ బహిరంగ సమావేశాల చట్టంలో 2019లో చేర్చిన 551.007 సెక్షన్ ఉంది. ఒకేసారి అనువాదం వినిపించే పరికరాలు లేని చోట, దుభాషి ద్వారా మాట్లాడేవాళ్ళకు మిగతావాళ్ళకన్నా కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని అందులో రాసి ఉంది. ఆరు నిమిషాలు రావాల్సింది కదా అని మండిపోయాను.

ఆ కోపంతోనే ఇవాళ ఆ సెక్షన్ మళ్ళీ మొదటి నుంచి చదివాను. చదివాక నా మాట మార్చుకోక తప్పలేదు. ఆ సెక్షన్ ఎజెండాలో ఉన్న అంశం మీద, దాన్ని చర్చకు తీసుకునే ముందో, చర్చలోనో మాట్లాడే హక్కు గురించి. రెట్టింపు సమయం ఆ హక్కుకే అంటిపెట్టుకుని ఉంది. పిన్నిగారు ఆ రోజు మాట్లాడింది ఎజెండాలో లేని విషయం, బహిరంగ వ్యాఖ్యల వేళలో. అలాంటి వేళ అసలు పెట్టాలా వద్దా అన్నది మండలి ఇష్టం. వాళ్ళు మూగగా కూర్చోవడానికి కూడా కారణం ఉంది. ముందుగా నోటీసు ఇవ్వని విషయం ఎవరైనా లేవనెత్తితే ఉన్న వివరం చెప్పొచ్చు, ఉన్న విధానం చదివి వినిపించొచ్చు, ముందు ముందు ఎజెండాలో పెడదామా అని మాట్లాడుకోవచ్చు. అంతకు మించి చర్చకు దిగకూడదని అదే చట్టంలోని 551.042 సెక్షన్ చెబుతుంది. నోటీసు చూసి ఇంట్లో ఉండిపోయిన వాళ్ళ వెనక నిర్ణయాలు జరిగిపోకూడదనే ఆ కట్టడి. న్యాయమే.

అయినా "ఎజెండాలో పెడదాం" అనే ఆ ఒక్క ముక్కకు చట్టంలో చోటుంది కదా! మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించిన మనిషికి ఆ ముక్కైనా చెప్పి పంపాల్సింది. ఈ కోపం మాత్రం నేను వదులుకోను.

ఆ తర్వాత పని చేసింది ఉత్తరమే. మన ప్రీసింక్టు కమిషనర్ ఆఫీసుకు పేజీ మించకుండా రాశాం: రోడ్డు పేరు, తూములున్న చోటు, తేదీలతో నాలుగు ఫోటోలు, ఏం చెయ్యాలో ఒక వాక్యం. గ్రూపులో ఒకాయన ఐదుగురికీ కలిపి ఒకే ఈమెయిల్ కొడదామన్నారు. అది వద్దు. ఐదుగురిలో ముగ్గురైతే కోరం, అంటే సమావేశానికి చాలినంత మంది. వాళ్ళలో ముగ్గురు ఆ ఈమెయిల్లోనే అందరికీ కనబడేలా జవాబులిచ్చుకుంటే నోటీసు లేని సమావేశం చేశారన్న మాట వస్తుంది, అందుకని అసలు జవాబే ఇవ్వరు. ఎవరికి వాళ్ళకు విడిగా రాయాలి.

ఇవాళ ఎజెండా వచ్చింది. 2025 సెప్టెంబరు 1కి ముందు సమావేశానికి 72 గంటల నోటీసు చాలేది. శుక్రవారం పొద్దున అంటించినా సోమవారం మధ్యాహ్నానికి సరిపోయేది. ఇప్పుడు మూడు పనిదినాలు ఉండాలి కాబట్టి వారం మధ్యలోనే తెలుస్తోంది. తూముల అంశం ఉంది! కానీ కన్సెంట్ ఎజెండాలో, ముప్ఫై చిల్లర అంశాల మధ్య. అవన్నీ కలిపి ఒకే ఓటుతో అయిపోతాయి, నిమిషం కూడా పట్టదు. బహిరంగ వ్యాఖ్యలప్పుడు చూసుకుందాంలే అని కూర్చుంటే ఈలోపే ఓటు పడిపోవచ్చు. సమావేశం మొదలవక ముందే, మాట్లాడేవాళ్ళు నింపే కార్డు మీద అంశం నంబరు రాసి గుమాస్తాకు ఇవ్వాలి, పక్కనే "దుభాషి ద్వారా" అని కూడా. విడిగా చర్చకు తీయమని కమిషనర్ ఆఫీసుకు రేపే ఫోన్ చెయ్యాలి.

అంశంతో జతచేసిన కాగితాల్లో 24 అంగుళాల గొట్టాలు తీసి 36 అంగుళాలవి వేస్తామని ఉంది. మూతి వైశాల్యం రెండుంబావు రెట్లవుతుంది, సంతోషం. అయితే అక్కడ అసలు గొడవ కొమ్మలది. నీళ్ళొచ్చే వైపు వాటిని ఆపే ఏర్పాటు గురించి గానీ, ఏప్రిల్, మే వానల ముందు శుభ్రం చేసే పని ఎవరిదన్నది గానీ ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. పిన్నిగారు అడగాల్సింది ఈ రెండే.

రాత్రి ఆవిడ రాసిచ్చిన కాగితం ఇదిగో, బల్ల మీద ఉంది. ఎడమ పక్క ఆవిడ తెలుగు, కుడి పక్క మనవరాలి ఇంగ్లీషు. పైకి చదివి చూస్తే రెండూ కలిపి ఆరు నిమిషాల పది సెకన్లు వచ్చింది. అధ్యక్షులవారికి నమస్కారాలతో నాలుగు వరసలున్నాయి మొదట్లో. వాటిని ఒక్క వరసకు కుదించి, అంశం నంబరు దాని పక్కనే రాశాను. ఆరు కాపీలు తియ్యాలి, ఐదుగురికి ఐదు, గుమాస్తాకొకటి. ప్రింటర్లో ఇంకు ఉందో లేదో పొద్దున్నే చూడాలి.