ఆ అమ్మాయి ఆమేన్

పొద్దున వచ్చిన మెసేజ్ ఇంకా మనసులో మెదులుతూనే ఉంది. మన చర్చి స్త్రీల సమాజం గ్రూపులో. "మావారి టీములో సగం మందిని తీసేశారు. మావారిని మాత్రం దేవుడు తన రెక్కల నీడలో దాచాడు. స్తోత్రం." కింద వరసగా ఆమేన్‌లు, దండాల బొమ్మలు. పెట్టిన అక్క మంచిదే. నాకు ఒంట్లో బాగోనప్పుడు మారతహళ్లి నుంచి ఈ బెంగళూరు ట్రాఫిక్‌లో క్యారేజీ పట్టుకొచ్చిన మనిషి. కానీ తీసేసిన ఆ సగంలో ఒకాయన భార్య కూడా అదే గ్రూపులో ఉంది. కాసేపటికి ఆ అమ్మాయీ రాసింది, "ఆమేన్ అక్కా" అని.

ఎంత దిగమింగుకుని రాసి ఉంటుంది! ఇద్దరు పిల్లల ఫీజులు, బెళ్లందూరులో ఆ అద్దె. రెక్కల నీడ ఒకరికే సరిపోయిందా మరి? మన సాక్ష్యాలన్నీ ఇలాగే తయారయ్యాయి. ప్రమోషన్ వచ్చింది స్తోత్రం, సైటు రిజిస్ట్రేషన్ అయింది స్తోత్రం, వీసా వచ్చింది స్తోత్రం. ఆదివారం తెలుగు ఆరాధనలో మైకు చేతులు మారుతుంటే ఏమీ రానివాళ్లు తలొంచుకుని కూర్చుంటారు. ఉద్యోగం పోయినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పడం నేనైతే ఇక్కడ చూడలేదు. "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని పౌలు రాసింది సుఖంగా ఉన్నవాళ్లకా? థెస్సలొనీకలో అల్లరి లేచి, ఆయన్ని రాత్రికి రాత్రే ఊరు దాటించాల్సి వచ్చింది. అక్కడ మిగిలిపోయిన విశ్వాసులకు రాసిన మాట అది.

ఇలాంటి స్తోత్రం గదిలో తలుపేసుకుని చెప్పుకోవాలి. సాయంత్రం దాకా నాది ఇదే మాట.

చిన్నదానికి జ్వరం తగ్గింది. అడిగి మరీ పెరుగన్నం తింది. ప్లేట్‌లెట్లు పెరిగాయని రిపోర్టు రాగానే వంటింట్లోంచే గట్టిగా "స్తోత్రం తండ్రీ" అన్నాను, అత్తయ్యా అందుకున్నారు. కిటికీ తెరిచే ఉంది. పై అంతస్తు బాబు అదే డెంగీతో ఇంకా ఐసీయూలో ఉన్నాడు. వాళ్ల నాన్నమ్మకు వినబడే ఉంటుంది. మరి నేను నోరు మూసుకోవాలా? ఎలా మూసుకుంటాను? యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగుల్లో వెనక్కొచ్చిన ఆ సమరయుడు గొప్ప శబ్దంతోనే దేవుణ్ణి మహిమపరిచాడు. నెమ్మదిగా చెప్పుకో అని ప్రభువు అనలేదు, తక్కిన తొమ్మిదిమంది ఏరని అడిగాడు. దాచుకోమనడం కూడా సరికాదేమో.

అమ్మమ్మ గుర్తొస్తోంది. ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి దేవుని కుండలో వేసేది. పనుల్లేని రోజుల్లో, మాకే చాలని పూట కూడా పిడికిలి చిన్నది చేసేది కాదు. మేం పిల్లలం ఆ చేతివంకే చూసేవాళ్లం. నెలాఖరున ఆ కుండ గుడికి వెళ్లేది, పాస్టరుగారింటికి కొంత, దిక్కులేని ఆడవాళ్లకు కొంత. ఎందుకమ్మమ్మా అంటే ఒంగోలు కథ ఎత్తుకునేది. 1876-78 నాటి పెద్ద కరువు. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. కూటి కోసం సంఘంలో కలిశారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. "కూలి ఆగిపోయాకే, కూలి ఆగిపోయాకే వచ్చారే మనవాళ్లు!" అనేది అమ్మమ్మ. ప్రతిసారీ అక్కడే గొంతు పెరిగేది. అప్పుడు నాకు ఆ పిడికెడు బియ్యం మీద ఉన్న కోపమే తప్ప కథ పట్టేది కాదు.

ఇందాక బైబిల్లో లేవీయకాండం ఏడో అధ్యాయం తీశాను. మొక్కుబడి బలిమాంసం మర్నాడు కూడా తినొచ్చు. కృతజ్ఞతార్పణ మాత్రం అర్పించిన రోజే తినేయాలి, తెల్లారేసరికి ఏమీ ఉంచకూడదు. ఎద్దునో మేకనో ఒక్క ఇల్లు ఒక్కరోజులో ఎలా తింటుంది? నలుగుర్నీ పిలవాల్సిందే, లేనివాళ్లనీ పంక్తిలో కూర్చోబెట్టాల్సిందే. నాకైతే అలాగే అర్థమైంది. ఆ అక్క ఆ అమ్మాయికి ఫోన్ చేసిందో లేదో తెలీదు. చేసి ఉంటే నాకే బాధా లేదు, గ్రూపులో ఏమైనా రాసుకోనీ.

శనివారం చిన్నదాని పేరున కృతజ్ఞత కూడిక పెడదామంటున్నారు ఈయన. బాబు ఇంటికొచ్చేదాకా ఆగుదామని నాకుంది, ఆలస్యం చేయకూడదని అత్తయ్య. సరే, శనివారమే. అక్కనీ ఆ అమ్మాయినీ ఇద్దర్నీ పిలుస్తాను. రేపు బాబు వాళ్లమ్మకు ఆస్పత్రికి ఇడ్లీలు పంపాలి, పాపం క్యాంటీన్ టీతోనే గడుపుతోందట. ఈయన ఆఫీసులో టెస్టింగ్‌లో ఖాళీ ఉందన్నారు మొన్న. పొద్దున్నే ఆ అమ్మాయికి ఫోన్ చేసి వాళ్లాయన రెజ్యూమే తెప్పించుకోవాలి, శుక్రవారంతో రెఫరల్ గడువు అయిపోతుంది.