ఖాళీ ఎస్ఎస్‌డీ స్లాట్ నుంచి డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డు: నా అనుభవం

ర్యామ్ మార్చినట్టు గేమింగ్ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు మార్చడం కుదరదు. జీపీయూ (గ్రాఫిక్స్) చిప్, దాని మెమరీ రెండూ మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి ఉంటాయి. పాత చిప్ పీకి పెద్దది వేస్తామనే మాట ఎవరన్నా నమ్మకండి. పవర్ సర్క్యూట్, హీట్‌సింక్, బయాస్ (మెషీన్ ఆన్ కాగానే నడిచే మూల ప్రోగ్రామ్) అన్నీ పాత చిప్‌కు సరిపడా చేసినవే. ఊడదీసి వేరేది పెట్టుకునే ఎంఎక్స్ఎం కార్డులు ఒకప్పుడు కొన్ని ఖరీదైన మోడళ్లలో వచ్చేవి. ఇప్పుడు ఫ్రేమ్‌వర్క్ 16 లాంటివి ఒకటీ అరా తప్ప ఆ దారి లేదు.

నాది 4 జీబీ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్. బయటి కార్డు తగిలించుకోగల థండర్‌బోల్ట్ పోర్టు లేదు గానీ, అడుగున ఎస్ఎస్‌డీ పెట్టే రెండో ఎం.2 స్లాట్ ఖాళీగా ఉంది. అందులో ఆక్యులింక్ (గ్రాఫిక్స్ కార్డులు వాడే పీసీఐఈ దారిని కేబుల్‌తో బయటికి తెచ్చే కనెక్టర్) అడాప్టర్ పెట్టి, డెస్క్‌టాప్ కార్డును బయటే ఉంచి కలిపాను.

ఏదైనా కొనే ముందు ఆ స్లాట్ సంగతి తేల్చుకోవాలి. చూడ్డానికి అన్ని ఎం.2 స్లాట్లూ ఒకేలా ఉంటాయి, కానీ కొన్ని పీసీఐఈ లేని, పాత రకం సాటా డిస్కులకు మాత్రమే. వాటితో ఈ పని జరగదు. ఎవరి దగ్గరైనా ఎన్‌వీఎంఈ (పీసీఐఈ మీద నడిచే) ఎస్ఎస్‌డీ అడిగి తెచ్చి అందులో పెట్టి, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో ట్రాన్స్‌ఫర్ మోడ్ చూడండి. నాకు పీసీఐఈ 3.0 ఎక్స్4 అని చూపించింది, అంటే నాలుగు లేన్లు, సెకనుకు సుమారు 4 జీబీ. ఎక్స్2 అని వస్తే ఈ ఆలోచన మానుకోవడమే మేలు.

కార్డు ఎంపికలో చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ల్యాప్‌టాప్‌కూ కార్డుకూ మధ్య దారి ఇరుకు కాబట్టి చిన్న కార్డు చాలనుకుంటారు. నిజానికి కార్డు మెమరీ నిండితే మిగతా డేటా ఆ ఇరుకు దారిలోనే ల్యాప్‌టాప్ ర్యామ్‌కు పోయి రావాలి, ఆట కుదుపులు మొదలవుతాయి. కాబట్టి 4 జీబీ కార్డుల జోలికి పోవద్దు. నేను సెకండ్‌హ్యాండ్ ఆర్‌టీఎక్స్ 3060 తీసుకున్నాను, 12 జీబీ, 170 వాట్లు. ఇదే పేరుతో 8 జీబీ కార్డు కూడా ఉంది, దాని మెమరీ బస్ 192 కాదు, 128 బిట్. డబ్బులిచ్చే ముందు కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో ఇది చూసి, కార్డుకు పూర్తి భారం పెట్టే ఫర్‌మార్క్ ఓ ఇరవై నిమిషాలు నడిపించి చూడాలి. అమ్మేవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

మిగతా సామాను: ఎం.2 నుంచి ఆక్యులింక్ అడాప్టర్, 50 సెం.మీ. కేబుల్, కార్డు నిలబెట్టే డాక్ బోర్డు, 550 వాట్ల డెస్క్‌టాప్ పవర్ సప్లై. అందులోని సీపీయూ 8 పిన్ వైరు, పీసీఐఈ 8 పిన్ వైరు చూపులకు అన్నదమ్ములే గానీ ప్లస్, మైనస్ తారుమారు. కార్డుకు పెట్టాల్సింది 6+2గా విడిపోయేదే. సీపీయూ వైరు బలవంతంగా నొక్కితే కార్డు కాలిపోవచ్చు.

బిగించేటప్పుడు ఛార్జర్ తీసి, అడుగు మూత విప్పి, ముందుగా బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. అడాప్టర్‌ను ఎస్ఎస్‌డీలాగే ఏటవాలుగా దూర్చి స్క్రూ వేయాలి. కేబుల్ బయటికి రావడానికి మూతకు చిన్న గాడి కోశాను. వారంటీ ఉన్నవాళ్లు మాత్రం ఆలోచించుకోండి. ఆక్యులింక్‌ను నడుస్తున్న మెషీన్‌కు పెట్టడం, పీకడం పనికిరాదు. ముందు పవర్ సప్లై ఆన్ చేయాలి, తర్వాతే ల్యాప్‌టాప్. ఆఫ్ చేసేటప్పుడు ముందు ల్యాప్‌టాప్.

తొలిసారి డివైస్ మేనేజర్‌లో కార్డు కనిపించింది, పక్కనే పసుపు గుర్తు, కోడ్ 12. రెండు గ్రాఫిక్స్ కార్డులకూ సరిపడా అడ్రస్ చోటు బయాస్ ఇవ్వలేకపోతే వచ్చే లోపం అది. లోపలి 1650ని డిజేబుల్ చేసి రీస్టార్ట్ చేస్తే పోయింది. తర్వాత డ్రైవర్లను పూర్తిగా తీసేసే డీడీయూ ప్రోగ్రామ్‌తో పాత డ్రైవర్ తుడిచి, కొత్తది వేశాను.

రెండో చిక్కు కేబుల్‌ది. ఆట మధ్యలో స్క్రీన్ నల్లబడేది. విండోస్ లోపాలు నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో వీయా-లాగర్ (WHEA-Logger) పేరుతో 17 నంబరు హెచ్చరికలు వరసగా ఉన్నాయి, అంటే పీసీఐఈ సిగ్నల్ దెబ్బతింటోంది. 25 సెం.మీ. కేబుల్ వేశాక ఆగిపోయాయి. పొడవు కేబుల్ సౌకర్యమే గానీ, సిగ్నల్‌కు చేటు.

మానిటర్‌ను ల్యాప్‌టాప్‌కు కాకుండా నేరుగా కార్డుకే తగిలించాలి. ల్యాప్‌టాప్ తెర మీద ఆడితే, తయారైన ప్రతి ఫ్రేమూ అదే కేబుల్‌లో వెనక్కి రావాలి, వేగం బాగా తగ్గుతుంది. 1080పీలో సెకనుకు వందల ఫ్రేములు కోరే పోటీ ఆటల్లో ఈ ఇరుకు ఎక్కువ తెలుస్తుంది. 1440పీలో భారమంతా కార్డు మీదే పడుతుంది కాబట్టి తేడా తక్కువ.

బయటికి తీసుకెళ్లేటప్పుడు కేబుల్ పీకడంతో సరిపోదు. 1650ని మళ్లీ ఎనేబుల్ చేయాలి, లేకపోతే ఆట ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీదే నత్తనడక నడుస్తుంది.