నాంపల్లిలో ఖవ్వాలీ, చిక్కడపల్లిలో అవధానం, పాతబస్తీలో ముషాయిరా

ఖవ్వాలీ వినాలని హైదరాబాద్ వచ్చేవాళ్లు గురువారం దిగాలి. ముషాయిరా, అంటే ఉర్దూ కవుల సభ, కోసమైతే శనివారం రాత్రి ఖాళీగా ఉంచుకోవాలి. అవధానం ఎప్పుడుందో ముందే చిక్కడపల్లిలో వాకబు చెయ్యాలి. మూడూ ఒకే వారంలో కుదిరేలా చూసుకుని, జనవరి చలి ఇంకా వదలకముందే, గురువారం మధ్యాహ్నం నాంపల్లి స్టేషన్‌లో దిగాను.

జనవరికి ఇంకో అనుకూలం ఉంది. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ 1వ తేదీన మొదలై ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది. హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్ కూడా ఈ నెలలోనే, అదీ ఉచిత ప్రవేశంతో. అయితే నుమాయిష్ రోజుల్లో నాంపల్లి, అబిడ్స్ లాడ్జీలు త్వరగా నిండిపోతాయి కాబట్టి గది ముందే మాట్లాడుకోవాలి. బస మాత్రం ఆ చుట్టుపక్కలే మంచిది. రాత్రి కార్యక్రమాలన్నీ అయ్యాక తిరిగి రావడమే అసలు సమస్య. మాదాపూర్‌లో దిగితే ఆటోలకే సగం డబ్బు పోతుంది.

యూసుఫైన్ దర్గా స్టేషన్ నుంచి నడిచిపోయే దూరమే. ఔరంగజేబు సైన్యంతో గోల్కొండ మీదికి వచ్చిన యూసుఫ్, షరీఫ్ అనే ఇద్దరు సూఫీల సమాధులు అక్కడున్నాయి. గాలివానకి డేరాలన్నీ ఎగిరిపోయినా వాళ్ల డేరాలో దీపం ఆరలేదని కథ చెబుతారు. ఆరో నిజాంకి కవితా గురువైన దాగ్ దెహల్వీ 1905లో ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. ఆయన సమాధి ఇక్కడే ఉంది. అమీర్ మీనాయీదీ ఇక్కడే. ఉర్దూ గజల్‌లో ఇద్దరు పెద్దలు ఒకే ప్రాంగణంలో ఉన్నారు. ఖవ్వాలీ మొదలయ్యేలోపు ఎవరినైనా అడిగి చూసి రావాలి.

తలకి రుమాలు తప్పనిసరి. జేబులో పెట్టుకుని వెళ్తే సరి. చెప్పులు బయట ఇచ్చి, ప్రాంగణంలో సమాధి వైపు కాళ్లు చాపకుండా కూర్చోవాలి. చాలా దర్గాల్లో లాగే ఆడవాళ్లు సమాధి గదిలోకి వెళ్లరు, ప్రాంగణంలో కూర్చుని వింటారు. ఖవ్వాల్ బృందం దర్గాకి ఎదురుగా కూర్చుంటుంది: ముందు వరసలో హార్మోనియంతో పెద్ద గొంతులు, పక్కన ఢోలక్, వెనక చప్పట్లతో తాళం వేస్తూ అందుకునేవాళ్లు. వరస కూడా ఇష్టం వచ్చినట్టు ఉండదు. మొదట దేవుడి స్తుతి హమ్ద్, తర్వాత ప్రవక్త మీద నాత్, ఆ తర్వాత ప్రవక్త అల్లుడు అలీ మీదా సూఫీ పెద్దల మీదా మన్కబత్. మొదటి అరగంటలో వెళ్లిపోయేవాళ్లు అసలైనది వదులుకున్నట్టే. ఎందుకంటే గిరహ్ అనేది పాట వేడెక్కాకే వస్తుంది. గిరహ్ అంటే ముడి. పల్లవి నడుస్తుండగా ఖవ్వాల్ ఆగి, మరో కవి రాసిన రెండు పాదాల్ని తాళం లేకుండా విడిగా అందుకుని, చివరి మాటని మళ్లీ పల్లవి మొదటి మాటకి ముడేస్తాడు. ముడి సరిగ్గా పడిందంటే ఢోలక్ ఒక్క దెబ్బతో తిరిగి అందుకుంటుంది. ఆ దెబ్బ కోసమే జనం ఎదురుచూస్తుంటారు.

ఇక్కడ చప్పట్లు కొట్టకూడదు. చప్పట్లు బృందానివి, తాళానివి. నచ్చితే లేచి వెళ్లి, నోటుని రెండు చేతులతో వినయంగా ముందుంచాలి. పది రూపాయలైనా ఫరవాలేదు, విసరకూడదు అంతే. కొత్తవాళ్లు చేసే రెండో తప్పు ఫోన్ లైటు వేసి వీడియో తియ్యడం. అది వెలిగిందంటే చుట్టూ పదిమంది ధ్యాస పోతుంది.

శుక్రవారం బంజారాహిల్స్‌లోని లామకాన్‌కి. మెట్రోలో ఇర్రమ్ మంజిల్ దాకా వెళ్లి అక్కణ్నుంచి ఆటో తీసుకున్నాను. రాళ్ల మధ్య కట్టిన పాత ఇల్లది. ఛాయాచిత్రకారుడు ఎం. హసన్ ఉన్న ఆ ఇల్లు 2010 నుంచి అందరి వేదికగా నడుస్తోంది. చెట్ల కింద చాయ్, సమోసా. లోపల నాటకమో, చర్చో, ఓపెన్ మైకో. వెళ్లేముందు వాళ్ల కేలండర్ చూసుకుని, ఓపెన్ మైక్‌లో చదవాలనుకుంటే కనీసం ఒక గంట ముందే చేరుకుని పేరు రాయించుకోవాలి.

అక్కడ చదివేవాళ్లకి నాలుగు మాటలు. ఒక్కొక్కరికి దక్కే ఐదు నిమిషాలంటే తీరిగ్గా చదివినప్పుడు రెండు పేజీలకి మించదు. అందులో నిమిషన్నర ‘ఈ కవిత ఎందుకు రాశానంటే’ అనే ముందుమాటకే పోతే కవిత సగంలో ఆగిపోతుంది. ఆ సాయంత్రం ముగ్గురికి అలాగే జరిగింది. మైక్ నోటికి బెత్తెడు దూరంలో, కాస్త పక్కకి వంచి పట్టుకోవాలి. ఎదురుగా పెట్టుకుంటే ‘ప’, ‘ఫ’, ‘భ’ దగ్గర ఊపిరి తగిలి స్పీకర్ బుస్సుమంటుంది. ఫోన్‌లో చూసి చదివితే తల కిందికి దిగి గొంతు మైక్ దాటిపోతుంది. పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసుకుని, దాన్ని ఛాతీ ఎత్తున పట్టుకుంటే ఆ బాధ ఉండదు. హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు వరసగా వినిపించాయి. తెలుగు ఒక్కటే ఒక్కటి. తెలుగులో రాసే కుర్రవాళ్లు అక్కడికి ఇంకా ఎక్కువమంది వెళ్లాలని నా కోరిక. అర్థం కాకపోయినా తెలుగు కవిత లయకి ఆ జనం చెవి ఒగ్గారు.

శనివారం మాత్రం కడుపునిండా. సాయంత్రం చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో అష్టావధానం. చిక్కడపల్లి మెట్రో స్టేషన్ నుంచి కొద్ది దూరమే. ఇలాంటి సభలకి టికెట్ ఉండదు. దినపత్రికల హైదరాబాద్ పేజీల్లో ‘నగరంలో నేడు’ లాంటి చిన్న శీర్షికలుంటాయి. వాటిలో ఒక్క వాక్యంగా సమయం, స్థలం వేస్తారు. అంతకు మించి ప్రచారం ఉండదు. అదే నాకు బాధ. ఇంత అరుదైన ప్రక్రియ ఒకటి మన ఊళ్లో నడుస్తుంటే వెనక వరసలు ఖాళీగా ఉన్నాయి.

మొదటిసారి చూసేవాళ్లు ముందు వరసల్లో కూర్చుని, ఒక కాగితం, పెన్ను పట్టుకోవాలి. అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు ఇచ్చేవాళ్లు, ఉంటారు. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన అనే నలుగురికీ అవధాని ఒక్కో ఆవృత్తిలో, అంటే ఒక్కో చుట్టులో, ఒక్కో పాదమే చెబుతాడు. నాలుగు ఆవృత్తులకి నాలుగు పద్యాలు పూర్తవుతాయి. మధ్యలో ఆశువు (అప్పటికప్పుడు చెప్పే పద్యం), పురాణపఠనం (చదివిన పద్యం ఎక్కడిదో చెప్పడం), అప్రస్తుత ప్రసంగం (ధ్యాస మళ్లించే మాటలు), గంటల లెక్క. ఏదీ రాసుకునే వీల్లేదు. చివర ధారణ: నాలుగు పద్యాల్నీ మొదట్నుంచి చివరిదాకా అప్పజెప్పాలి. కాగితం ఎందుకన్నానంటే, ఒక్కో పాదం వచ్చినప్పుడు మనం రాసుకుంటూ పోతే ధారణ దగ్గర ఆ మనిషి ఏం చేస్తున్నాడో అప్పుడు తెలుస్తుంది. రాసుకున్నవాళ్లమే తడుముకుంటాం.

నిషిద్ధాక్షరి దగ్గర్నుంచి చూడాల్సిన సంగతి. అవధాని ఒక్కో అక్షరం చెప్పగానే, తర్వాత రాకూడని అక్షరం ఏదో పృచ్ఛకుడు చెబుతాడు. ఆ సాయంత్రం ఇచ్చింది కంద పద్యం. అవధాని ‘శ్రీ’ అన్నారు. తర్వాత ‘శ్రీరామ’ అనో ‘శ్రీరమణి’ అనో వస్తుందని ఊహించి పృచ్ఛకుడు ‘ర’ నిషేధించాడు. అవధాని ‘క’ వేశారు. ‘శ్రీకర’ అవుతుందని మళ్లీ ‘ర’ నిషేధం. అవధాని ‘ళ’ వేశారు: శ్రీకళ. గురువు, రెండు లఘువులు, భగణం కుదిరింది. సభ చప్పట్లు కొట్టింది కానీ, అసలు బరువు ఎక్కడ పడిందో గమనించాలి. కందంలో మొదటి పాదం గురువుతో మొదలైతే నాలుగూ గురువుతోనే మొదలవ్వాలి. రెండో అక్షరం ప్రాస. కాబట్టి ఆ ‘క’ ఇప్పుడు నాలుగు పాదాల్లోనూ రెండో చోట కూర్చుంటుంది. పృచ్ఛకుడు ఆపింది ఒక్క ‘ర’నే, దాంతో అవధాని ముప్పావుగంట తర్వాత చెప్పబోయే నాలుగో పాదం తలుపు కూడా మారిపోయింది.

సమస్య ఇంకో రకం. విషం తాగి పసివాడు నవ్వాడనే అర్థం వచ్చే పాదం ఇచ్చి పూరించమన్నారనుకోండి. ఒక దారి కథలోంచి: పూతన పాలు తాగిన కృష్ణుడు. ఇంకో దారి నిఘంటువులోంచి: విషమంటే నీళ్లనే అర్థం కూడా ఉంది. మొదటిది చెబితే సభ ‘బాగుంది’ అంటుంది, రెండోది చెబితే ముందు వరసలో తెల్లజుట్టు పెద్దలు ‘భళా’ అంటారు. దత్తపదిలో ఇచ్చిన మాటలు వడ, దోస, పూరి లాంటివైతే వాటిని తిండి అర్థంలో వాడకూడదు. వడ ‘వడగాలి’లో, దోస ‘దోసము’లో, పూరి ‘పూరిల్లు’లో దాగాలి. పక్కవాళ్లతో కలిసి ముందే ఊహించుకుంటే ఎంత కష్టమో తెలుస్తుంది.

ఆ సభలో ఒకటే లోపం. గంట కొట్టేవాళ్ల చేతిలో పూజగంట, దానికి దగ్గరగా మైకు. కొట్టినప్పుడల్లా అవధాని గొంతు మునిగిపోయింది. గంటకి మైక్ అక్కర్లేదు. అవధానికి వినపడితే చాలు, ఎన్ని కొట్టారో లెక్కపెట్టాల్సింది ఆయనే.

ధారణ అయ్యేసరికి తొమ్మిదికి దగ్గరైంది. చిక్కడపల్లి నుంచి మెట్రోలో మూడో స్టేషన్ ఎంజీబీఎస్. నారాయణగూడ, సుల్తాన్ బజార్ దాటితే వచ్చేస్తుంది. అక్కడ మూసీ దాటి ఆటోలో పాతబస్తీ. ముషాయిరా పోస్టర్ మీద ‘ఇషా తర్వాత’, అంటే రాత్రి నమాజు తర్వాత, అని రాసి ఉంటే పది గంటలని అర్థం చేసుకోవాలి. సమాచారం ‘సియాసత్’ లాంటి ఉర్దూ దినపత్రికల్లో వస్తుంది. ఉర్దూ చదవడం రాకపోతే నాంపల్లి హోటళ్లలో చాయ్ తాగేవాళ్లని అడిగినా చెబుతారు.

ముషాయిరాని నడిపించేది నాజిమ్. కవుల వరస ఆయన చేతిలో ఉంటుంది: చిన్నవాళ్లు ముందు, పెద్దవాళ్లు చివర. పన్నెండింటికి లేచి వచ్చేస్తే పెద్ద కవి గొంతు విననట్టే. కొందరు తహత్‌లో, అంటే మామూలుగా చదువుతారు. కొందరు తరన్నుమ్‌లో, రాగం తీసి. తరన్నుమ్ చెవికి హాయి. కానీ మాట బరువు తహత్‌లోనే తెలుస్తుందని నా అభిప్రాయం.

ఉర్దూ సగమే వచ్చినవాళ్లు కూడా గజల్ వినగలరు, కట్టు తెలిస్తే. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

ఊరి చివర చెట్టు కింద నీడ ఇంకా ఉంది
నడిచిపోయిన పాదాల జాడ ఇంకా ఉంది

ఇది మత్లా, గజల్‌లో మొదటి రెండు పాదాలు. ‘ఇంకా ఉంది’ రదీఫ్, మారదు. ‘నీడ, జాడ’ కాఫియా, అంటే దాని ముందు ప్రాస కలిసే మాట. తర్వాతి షేర్‌లో, అంటే రెండు పాదాల జంటలో, మొదటి పాదం స్వేచ్ఛగా వస్తుంది, రెండోది మాత్రం కట్టుకి రావాలి:

ఇల్లు కూలిందని ఎవరో కబురు చెప్పారు
తలుపు లేకపోయినా గోడ ఇంకా ఉంది

కవి మొదటి పాదం చెప్పి ఆగుతాడు. సభ దాన్ని తిరిగి పలుకుతుంది. దాన్నే మిస్రా ఎత్తడం అంటారు. కవి మళ్లీ అదే పాదం చెబుతాడు. ఈలోపు విన్నవాళ్లందరి తలలో ఒకటే వెతుకులాట: నీడ, జాడ తర్వాత ఏ మాట రాబోతోంది? రెండో పాదం వస్తుండగా ‘గోడ’ దగ్గర సభ కవితో కలిసి రదీఫ్ పలుకుతుంది. ఊహించిన మాటే వస్తే ‘వాహ్’, ఊహకి అందనిది వస్తే క్షణం నిశ్శబ్దం, ఆ తర్వాత హాలంతా లేస్తుంది. ‘ముకర్రర్’ అంటే మళ్లీ చెప్పమని, ‘ఇర్షాద్’ అంటే చెప్పండి, వింటాం అని. మొదటి పాదానికే గట్టిగా వాహ్ అనేస్తే రెండో పాదం వినపడదు, పక్కవాళ్లు విసుక్కుంటారు. దాశరథి గాలిబ్‌ని తెలుగులోకి తెచ్చారు, తెలుగులో గజళ్లు రాశారు. ఈ ఊరి రాత్రులు ఇలాంటివి కాబట్టే అది సాధ్యమైందని అక్కడ కూర్చుంటే అనిపిస్తుంది.

ఒంటిగంట దాటాక దక్నీలో, అంటే ఇక్కడి ఉర్దూ మాండలికంలో, రాసే హాస్య కవిని పిలిచారు. నిద్రమత్తు వదిలించడానికి నాజిమ్‌లు వేసే ఎత్తు అది. ‘నక్కో’, ‘హౌ’, ‘కైకూ’ల దక్నీ తెలంగాణ వాళ్లకి నిఘంటువు లేకుండానే అర్థమవుతుంది. నవ్వించడమే అయినా కట్టు మాత్రం సడలదు. కాఫియా తప్పితే వెనక వరస నుంచి ముసలాయన సరిదిద్దాడు కూడా. రెండున్నరకి సభ ముగిసింది. మెట్రో పదకొండు తర్వాత నమ్ముకోవడానికి లేదు. వచ్చిన ఆటోనే తిరుగుప్రయాణానికి మాట్లాడి పెట్టుకోవడం మేలు.

ఆదివారం పొద్దున మౌలాలి గుట్ట కింద మహ్ లఖా బాయి చందా సమాధి. 1768లో పుట్టిన ఆ కవయిత్రి, గాయని, నర్తకి తన తల్లి కోసం కట్టించిన తోట అది, తనూ అక్కడే ఉంది. ఆమె దీవాన్, అంటే కవితల సంపుటి, ఆమె చనిపోయిన 1824లోనే వెలువడింది. జనం తక్కువ, చెట్లు ఎక్కువ, ఒక గంట చాలు. సంగీతం కోసమే వచ్చేవాళ్లు నవంబరు 30ని కూడా గుర్తు పెట్టుకోవాలి. పండిట్ జస్‌రాజ్ తండ్రి మోతీరామ్ 1934లో ఆ రోజునే హైదరాబాద్‌లో చనిపోయారు. ఆయన పేరిట జస్‌రాజ్ ఏళ్లతరబడి ఈ ఊళ్లోనే సంగీత సమారోహ్ జరిపారు.

మధ్యాహ్నం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి వాటి ముందంతా పుస్తకాలే. ఉర్దూ లిపి రానివాళ్లు నాగరి లిపిలో అచ్చయిన గజల్ సంకలనాలు వెతుక్కోవాలి. పేజీ అడుగున కఠిన పదాలకి అర్థాలుంటాయి. కుట్టు ఊడిందో లేదో విప్పి చూసి, బేరమాడి, ఒకటి తీసుకున్నాను.

సాయంత్రం రైల్లో దాన్ని ముషాయిరా పద్ధతిలోనే చదివాను. మత్లా చూసి రదీఫ్ పట్టుకోవాలి. తర్వాతి షేర్‌లో రెండో పాదాన్ని అరచేత్తో మూసి, మొదటిది రెండుసార్లు పైకి చదివి, కాఫియా ఊహించి, అప్పుడు చెయ్యి తియ్యాలి. బేగంపేట దాకా ఒక్కటీ కుదరలేదు. కాజీపేట వచ్చేసరికి పదిలో మూడు కుదిరాయి.