పొద్దున విడిపోయి సాయంత్రం కలిసే ఊరు

మా పెద్దదానికి మ్యూజియాలు, మెట్రో రైళ్ళు, రాత్రిపూట దీపాల వెలుగులో నగరం కావాలి. చిన్నవాడికి నీళ్ళు కనిపించాలి, అందులో విసరడానికి రాళ్ళుండాలి. ఇండియా నుంచి మా దగ్గరికి వచ్చే అమ్మానాన్నల్లో నాన్న ఎంత దూరమైనా నడుస్తారు. అమ్మకు నాలుగు మెట్లెక్కితే మోకాళ్ళు మొరాయిస్తాయి. ఇక మా ఆయనకు కారు నడపని సెలవే అసలైన సెలవు.

ఇన్ని కోరికలున్న ఇళ్ళలో చాలామంది సెలవుల్ని రెండు ముక్కలు చేస్తారు. సగం రోజులు నగరంలో, మిగతా సగం ఎక్కడో కొండల్లో. నాకది నచ్చదు. పెట్టెలు సర్దడంలో, విప్పడంలోనే ఓపికంతా హరించుకుపోతుంది. నేను చూసేది ఒక్కటే: పొద్దున ఇద్దరు అడవికీ ఇద్దరు మ్యూజియానికీ వెళ్ళి, ఎవరి వీలునిబట్టి వాళ్ళు తిరిగొచ్చి, సాయంత్రానికి ఒకచోట చేరగలిగే ఊరేనా?

ఇలా విడిపోవాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. ఆరుగురం ఒకే కారులో కూర్చుంటే మాటలన్నీ నా మీదుగానే పోతాయి. పిల్లలు ఇంగ్లీషులో అడిగింది నేను తెలుగులో అమ్మకు చెప్పాలి, అమ్మ అన్నది మళ్ళీ వాళ్ళకు అందించాలి. నేను పక్కన లేకపోతే వాళ్ళ తంటాలు వాళ్ళు పడతారు. వచ్చీరాని తెలుగు, వచ్చీరాని ఇంగ్లీషు, మధ్యలో చేతి సైగలు. ఏడాదికోసారి కలిసే తాతామనవళ్ళకు అంతకంటే మంచి అవకాశం ఇంట్లో దొరకదు. ఇంట్లో ఐపాడ్ ఉంటుంది మరి.

అందుకే అడవి ఎంత పెద్దదన్నదాని కంటే, బస్సులోనో రైల్లోనో ఎంతసేపట్లో చేరతామన్నదే నాకు ముఖ్యం. సియాటిల్‌నే తీసుకోండి. ఆకాశం తేటగా ఉన్న రోజున 4,392 మీటర్ల రెయినియర్ పర్వతం ఊరి చివరే ఉన్నట్టు కనిపిస్తుంది. తీరా వెళ్ళాలంటే కారులో సుమారు రెండు గంటలు. ఒకరికి కాళ్ళు నొప్పెడితే అందరూ వెనక్కి రావాల్సిందే. అదే కెనడాలోని వాంకూవర్‌లో సుమారు 400 హెక్టార్ల స్టాన్లీ పార్కు నగర నడిబొడ్డుకు ఆనుకునే ఉంది. వాటర్‌ఫ్రంట్ స్టేషన్‌లో సీబస్ అనే పడవ ఎక్కితే పావుగంటలో అవతలి ఒడ్డు, అక్కణ్ణించి సిటీ బస్సులో లిన్ కాన్యన్ వేలాడే వంతెన దగ్గరికి. దానికి టికెట్ కూడా లేదు. ఎక్కువమందికి తెలిసిన కాపిలానో వంతెనకు మాత్రం బాగానే వసూలు చేస్తారు. నన్నడిగితే పిల్లలకు లిన్ కాన్యనే చాలు.

హాంకాంగ్‌ను ఆకాశహర్మ్యాల ఊరనే అనుకుంటాం కానీ అక్కడి భూమిలో దాదాపు 40 శాతం కంట్రీ పార్కులూ రక్షిత ప్రాంతాలే. షావ్‌కేవాన్‌లో మెట్రో దిగి బస్సెక్కితే డ్రాగన్స్ బ్యాక్ కొండదారి మొదట్లో దింపుతుంది. చిక్కల్లా కాలంతోనే. మా పిల్లలకు బడి సెలవులిచ్చే జులై, ఆగస్టుల్లోనే అక్కడ ఉక్కపోత, తుఫాన్లూనూ. అక్టోబరు తర్వాతైతే హాయిగా నడవొచ్చు, కానీ అప్పుడు బడి ఉంటుంది.

ఊళ్ళ ఫొటోలు చూడకముందే తేల్చుకోవాల్సింది పాస్‌పోర్టుల సంగతి. మా ఇంట్లో రెండు రకాలున్నాయి. పిల్లలు వీసా ఊసే లేకుండా దిగిపోయే చోట అమ్మానాన్నలకు బ్యాంకు కాగితాలు, వేలిముద్రలు, వారాల ఎదురుచూపు. ఇండియన్ పాస్‌పోర్టుకు కెనడా వీసా కావాలి, స్విట్జర్లాండ్‌కు షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) కావాలి. హాంకాంగ్‌కైతే కొద్దిరోజుల సందర్శనకు ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. "మేమెందుకులే, మీరు వెళ్ళి రండి" అని అమ్మ ఒక్కసారి అన్నదంటే ఇక కదిలించడం కష్టం. అందుకే వీసా అపాయింట్‌మెంట్ ఖాయమయ్యాకే పిల్లల ముందు ఊరి పేరెత్తుతాను.

ఇప్పటిదాకా మాకు అన్నివిధాలా కుదిరిన ఊరు స్విట్జర్లాండ్‌లోని జూరిక్. ఖరీదైన ఊరే, కాదనను. పెద్ద స్టేషన్‌లో ఎస్10 రైలెక్కితే అరగంటలోపే ఊట్లిబెర్గ్ కొండమీద ఉంటాం. అక్కణ్ణించి ఫెల్సెనెగ్ దాకా కొండ అంచునే గ్రహాల దారి ఒకటుంది. సౌరకుటుంబాన్ని వంద కోట్ల వంతు కుదించి పెట్టారు, అంటే మనం వేసే ఒక్కో మీటరూ అంతరిక్షంలో పది లక్షల కిలోమీటర్లు. ఆ లెక్కన సూర్యుడు సుమారు 1.4 మీటర్ల గోళం, భూమి 13 మిల్లీమీటర్ల గుండు. నాన్న, చిన్నవాడు కలిసి వెళ్ళారు. అంగారకుడి దాకా అయిదు నిమిషాల నడకైనా లేదట. అదయ్యాక గురుడు ఎంతకీ రాడు, శని ఇంకా దూరం. ఆ ఖాళీల్లో వీడు అడుగుతూనే ఉన్నాడు, ఆయన చెబుతూనే ఉన్నారు. శని దగ్గర తీసిన ఫొటోలో ఇద్దరి వేళ్ళూ ఫొటో తీస్తున్నవాళ్ళ వైపు కాకుండా చెరోవైపు చూపిస్తున్నాయి, ఇంకా ఏదో వాదన తెగలేదన్నమాట. చివర్లో కేబుల్ కారు దిగి ఎస్4 రైల్లో ఊళ్ళోకి వచ్చేశారు.

అదే పూట అమ్మ, పెద్దది సరస్సు మీద పడవలో కూర్చుని ఎక్కిన రేవులోనే దిగారు. ఒక్క మెట్టు ఎక్కలేదు. మా ఆయన నిద్రపోయారు. అదీ సెలవే.

ఇలాంటి ఊళ్ళో బస మాత్రం సరస్సు కనిపించేచోట కాకుండా పెద్ద స్టేషన్‌కు నడిచేంత దగ్గర్లో తీసుకోవాలి. నాన్నకు ఏ ప్లాట్‌ఫారమో ఒకసారి చూపిస్తే రెండోసారి నన్నడగరు. మనవడి ముందు దారి అడగడం ఆయనకు నామోషీ.

ఈసారి పెద్దది దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ అంటోంది. వెయ్యి మీటర్లు దాటిన టేబుల్ మౌంటెన్ ఊరి నెత్తిమీదే ఉంది, 1929 నుంచి కేబుల్ కారు నడుస్తోంది, కాబట్టి అమ్మ కూడా పైకి రాగలదు. అయితే గాలి ఎక్కువైతే దాన్ని ఆపేస్తారు, పైగా మన వేసవి వాళ్ళకు చలికాలం. మరమ్మతుల కోసం ఏటా కొన్నాళ్ళు మూసేదీ ఆ రోజుల్లోనే. డిసెంబరు సెలవులకైతే సరేనని మనసులోనే అనుకున్నాను. అమ్మానాన్నల వీసా కాగితాలు ఈ వారమే మొదలుపెట్టాలి, పెద్దదాని ముందు మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదు.