ఆ నాణెం నేను విసరలేదు

ఫుట్‌బాల్ మ్యాచ్ శనివారం అయింది, ఇవాళ గురువారం. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముఖం వేడెక్కుతోంది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. ఇంగ్లండ్‌లో ఉంటూ, పిల్లల్ని తీసుకుని అవే మ్యాచ్‌కి, అంటే మన జట్టు అవతలి జట్టు ఊళ్ళో ఆడే మ్యాచ్‌కి, వెళ్దామనుకునే వాళ్ళకి ఇది పనికొస్తుంది.

ముందు టికెట్ సంగతి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పై స్థాయి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో బయటి నుంచి వచ్చే జట్టు అభిమానులకి 3,000 సీట్లు, స్టేడియం చిన్నదైతే మొత్తంలో పదో వంతు కేటాయిస్తారు. 2016 నుంచి ఆ టికెట్ ధర 30 పౌండ్లు దాటకూడదని నియమం ఉంది. ధర తక్కువే గానీ దొరకడమే కష్టం. ఎన్ని అవే మ్యాచ్‌లకి వెళ్తే అన్ని లాయల్టీ పాయింట్లు వస్తాయి, అవి ఎక్కువున్న వాళ్ళకే ముందు అమ్ముతారు. రెండు సీజన్లలో వానలో, మంచులో 14 ఊళ్ళు తిరిగి సంపాదించుకున్న పాయింట్లు నావి. ఎవరినీ ఒక్క టికెట్ అడగలేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

క్లబ్ బస్సులో వెళ్ళాం. 1985లో వచ్చిన చట్టం ప్రకారం ఆ బస్సుల్లో మద్యం ఉండకూడదు కాబట్టి పిల్లలతో వెళ్ళడానికి అదే మంచిది. మా అబ్బాయికి పదకొండేళ్ళు, దారంతా నిద్రపోయాడు. గేటు దగ్గర తనిఖీ రెండు నిమిషాల్లో అయిపోయింది.

మా సీట్లు స్టాండ్‌కి ఒక చివర పడ్డాయి. అవతల ఖాళీ వరసల మీద పట్టా కప్పి, మధ్యలో స్టూవర్డ్‌లని, అంటే జనాన్ని అదుపులో ఉంచే స్టేడియం సిబ్బందిని, నిలబెట్టారు. ఆ పట్టా దాటితే వాళ్ళ అభిమానులే. పిల్లాడు పక్కనుంటే ఆ చివర కూర్చోకండి. పైకో మధ్యకో వెళ్ళి, ఎవరినైనా అడిగి సీటు మార్చుకోండి. అవే స్టాండ్‌లో ఎవరూ కాదనరు. నేను అడగలేదు. అక్కడే పొరపాటు చేశాను.

మొదటి సగంలోనే మా వెనక వరసల్లో ఎవరో ఫ్లేర్, అంటే రంగు పొగ చిమ్మే మందు గొట్టం, వెలిగించారు. ఎర్రటి పొగకి మావాడు దగ్గు ఆపుకోలేకపోయాడు. స్టేడియంలోకి ఫ్లేర్ తేవడమే నేరం. వెలిగించినవాడు టోపీ తీసేసి, జాకెట్ తిరగేసి తొడుక్కుని జనంలో కలిసిపోయాడు. నా జట్టు కండువా మెడలో వేసుకున్నంత మాత్రాన వాడు నావాడైపోడు. వాడు వెలిగించింది మొదలు స్టూవర్డ్‌ల చూపు మారిపోయింది. మా స్టాండ్‌లో ఎవరు కదిలినా అనుమానమే.

66వ నిమిషంలో మా జట్టు గోల్ కొట్టి 1-1 చేసింది. మావాణ్ణి ఎత్తుకుని గంతులు వేస్తున్నాను. ఇంతలో వాడు "అబ్బా" అని భుజం పట్టుకున్నాడు. కింద చూస్తే కాళ్ళ దగ్గర రాగి రంగు బిళ్ల, రెండు పెన్స్ నాణెం. పట్టాకి అవతల నుంచి వచ్చింది. కాలర్ పక్కకి లాగి చూస్తే మెడ ఎముక దగ్గర ఎర్రగా కమిలింది. ఇంకాస్త పైకి తగిలి ఉంటే కన్ను పోయేది.

ఏ తండ్రైనా చేసే పనే నేనూ చేశాను. ఆ నాణెం తీసుకుని, చెయ్యి పైకెత్తి, దగ్గర్లో ఉన్న స్టూవర్డ్‌కి చూపిస్తూ కేకేశాను. నిమిషం తిరక్కుండా ఇద్దరు స్టూవర్డ్‌లు, ఒక పోలీసు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

కెమెరాలు చూసే కంట్రోల్ రూమ్‌లో కనపడింది ఇంతే: చేతిలో ఏదో వస్తువుంది, చెయ్యి పైకి లేచింది, మొహం అవతలి స్టాండ్ వైపుంది. నేను చెబుతుంటే వినే తీరికే లేదు వాళ్ళకి. మెట్ల మీద నుంచి దింపుతుంటే మా వరసలో వాళ్ళంతా తిరిగి చూశారు. మావాడు నా కోటు అంచు పట్టుకుని వెనకే వచ్చాడు.

స్టాండ్ కింద, చిరుతిళ్ళ కౌంటర్ పక్కన గోడకి ఆనించి నిలబెట్టారు. జేబులు ఖాళీ చేయించారు. తాళాలు, పర్సు, మావాడి ఇన్‌హేలర్, ఒక్కొక్కటీ కౌంటర్ మీద పెట్టాను. నాణేన్ని చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించారు. పేరు, చిరునామా రాసుకున్నారు. వాళ్ళలో పెద్దవాడైన స్టూవర్డ్ నా మొహంలో మొహం పెట్టి అడిగాడు: "పిల్లాణ్ణి వెంట పెట్టుకుని వచ్చి ఇలాంటి పనులా?"

ఆ మాటకి నాకు నోరు పెగల్లేదు. దెబ్బ తగిలింది ఆ పిల్లాడికే.

1991 చట్టం ప్రకారం స్టేడియంలో జనం మీదకి ఏది విసిరినా నేరమే. నేరం రుజువైతే కోర్టు బ్యానింగ్ ఆర్డర్ వేస్తుంది. మూడేళ్ళ నుంచి పదేళ్ళ దాకా మ్యాచ్‌లకి వెళ్ళకూడదు, విదేశాల్లో మ్యాచ్‌లున్నప్పుడు పాస్‌పోర్ట్ పోలీసులకి అప్పగించాలి. వీసా మీద బతికేవాడికి అలాంటి ఆర్డర్ అంటే ఏమిటో వేరే చెప్పాలా? ఉద్యోగం, ఇల్లు, మావాడి బడి, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. టెన్షన్‌కి కాళ్ళు వణుకుతుంటే, వాడికి తెలియకూడదని గోడకి గట్టిగా ఆనుకున్నాను.

అప్పుడే తల మీద కాంక్రీటు మొత్తం అదిరింది. ఒక్కసారిగా హోరు, సీట్లు టపటపా కొట్టుకున్న చప్పుడు. మావాడు పైకప్పు వైపు చూసి "నాన్నా, మనదేనా?" అన్నాడు. మనదే. 88వ నిమిషంలో గెలుపు గోల్. దాన్ని నా కొడుకు చిప్స్ కౌంటర్ పక్కన నిలబడి విన్నాడు.

మమ్మల్ని కాపాడింది మా ఊరి పోలీసు. ప్రతి అవే మ్యాచ్‌కీ క్లబ్ సొంతూరి పోలీసులు ఒకరిద్దరు వస్తారు. స్పాటర్లు అంటారు. ఎవరు గొడవ చేసేవాళ్ళో, ఎవరు కుటుంబంతో వచ్చేవాళ్ళో వాళ్ళకి మొహాలు తెలుసు. ఆయన మమ్మల్ని చూడగానే "ఈయన నాకు తెలుసు, వీడియో వెనక్కి తిప్పి చూడండి" అన్నాడు. తిప్పి చూస్తే నాణెం అవతల నుంచి రావడం, మావాడు భుజం పట్టుకోవడం, నేను వంగి తీసుకోవడం, అన్నీ ఉన్నాయట. "సరే, వెళ్ళొచ్చు" అన్నారు. క్షమాపణ లేదు. మేం పైకి వచ్చేసరికి అదనపు సమయం నడుస్తోంది.

ఆట అయ్యాక మమ్మల్ని స్టాండ్‌లోనే నలభై నిమిషాలు ఆపారు. దాన్ని హోల్డ్ బ్యాక్ అంటారు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

పోలీసుల భయం ఉత్తది అని నేను అనను. 1985లో బెల్జియంలోని హైసెల్ స్టేడియంలో లివర్‌పూల్ అభిమానులు దూసుకురావడంతో గోడ కూలి 39 మంది చనిపోయారు. ఇంగ్లండ్ క్లబ్బులని ఐదేళ్ళు యూరప్ పోటీల్లోకి రానివ్వలేదు. అది మరచిపోకూడదు. అయితే 1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో ఏం జరిగింది? తొక్కిసలాటలో 97 ప్రాణాలు పోయాయి. తప్పంతా తాగిన అభిమానులదే అని ప్రచారం చేశారు. అభిమానుల తప్పేమీ లేదని జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది. అభిమాని అనగానే రౌడీ అనుకునే కళ్ళకి, నలిగిపోతున్న మనిషి కూడా రౌడీలాగే కనిపిస్తాడు. దెబ్బ తిన్న పిల్లాడి తండ్రి చేతిలో నాణెం చూసి వాళ్ళు అనుకున్నదీ అదే.

ఇక మీకు నేను చెప్పేది: మీ మీద ఏం పడినా చేత్తో తీయకండి, ఎత్తి చూపించకండి. ఉన్నచోటే వదిలేసి ఫోటో తీసుకోండి, సమయం, సీటు నంబరు రాసుకోండి. చాలా స్టేడియాల్లో కంట్రోల్ రూమ్‌కి మెసేజ్ పంపే నంబరు ఉంటుంది, దానికి పంపండి. మీ క్లబ్‌తో వచ్చే స్పాటర్లని బస్సు దిగగానే పలకరించండి. మొహమాటపడకండి. ఆ రోజు నన్ను కాపాడింది అంతకుముందు మా స్పాటర్‌కి నేను పెట్టిన నాలుగు నమస్కారాలే. ఫుట్‌బాల్ సపోర్టర్స్ అసోసియేషన్ అని అభిమానుల సంఘం ఉంది, ఇలాంటివి జరిగితే వాళ్ళకి రాయండి. ఫ్లేర్ గ్యాంగుని చూస్తే మాత్రం పిల్లల్ని తీసుకుని అక్కడి నుంచి దూరంగా జరగండి. వాళ్ళతో స్నేహం వద్దు, వాదన అసలే వద్దు.

ఆదివారం ఆ స్టేడియం క్లబ్‌కి ఫిర్యాదు పంపాను. నిన్న జవాబొచ్చింది, మూడు వాక్యాలు. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ఉంది. నాణెం విసిరినవాడి ఊసే లేదు. వాడు ఏ సీటులో కూర్చున్నాడో ఆ వీడియోలోనే ఉండాలి. నిన్న రాత్రే మళ్ళీ రాశాను: 66వ నిమిషం, మా బ్లాక్, మా వరస, మావాడి భుజం ఫోటో అన్నీ జతచేసి, ఆ ప్లాస్టిక్ సంచిలో పెట్టిన నాణెం ఇప్పుడెక్కడుందో చెప్పమని అడిగాను.

తర్వాతి అవే మ్యాచ్ టికెట్లు పొద్దున అమ్మకానికి పెట్టారు. రెండు తీసుకున్నాను, మధ్య వరసల్లో.